బాగున్నప్పుడే రాసుకోండి

రాత్రి మూడింటికి వంటింట్లో డబ్బాలన్నీ దించి సర్దుతుంటాడు తమ్ముడు. "నాకు నిద్రే అక్కర్లేదక్కా, బ్రహ్మాండంగా ఉన్నా" అంటాడు. కొన్ని వారాలకు అదే మనిషి దుప్పటి తీయడు, పిలిస్తే పలకడు. బైపోలార్ డిజార్డర్ ఉన్నవాళ్లలో ఈ ఉద్రేకం, ఈ కుంగుబాటు ఒకే జబ్బుకు రెండు ముఖాలు. ఇది గాలీ కాదు, దిష్టీ కాదు. "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అనే సలహా దీనికి వైద్యమూ కాదు.

ఉద్రేకంలో ఉన్న మనిషితో వాదించి గెలవలేం. ఏ మాటైనా కుదురుగా ఉన్న రోజుల్లోనే అనుకోవాలి.

కాగితం మీద పెట్టండి

ఇద్దరూ కూర్చుని రాసుకోండి. "వరుసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే అక్క డాక్టరుకు ఫోన్ చేయొచ్చు." "పెద్ద ఖర్చు ఏదైనా రెండు రోజులు ఆగాకే." షరతులు తనే చెప్పాలి, మీరు రుద్దకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును, తన తరఫున నిలబడే ప్రతినిధిని ఎంచుకునే హక్కును ఇచ్చింది.

మందుల దగ్గర మొహమాటం వద్దు

తగ్గింది కదా అని మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ వెలుగులోకి తెచ్చిన లిథియం నేటికీ ముఖ్యమైన మందే. అయితే దానికి రక్తపరీక్షలు తప్పవు. కిడ్నీలు, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. మన ఎండల్లో ఒళ్లు డీలాపడి నీరు తగ్గినా, వాంతులు, విరేచనాలైనా రక్తంలో లిథియం మోతాదు మించొచ్చు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలతోనూ అదే ముప్పు. డాక్టరును అడగకుండా మెడికల్ షాపులో కొనొద్దు.

నవ్వినా జబ్బేనా?

కాస్త గట్టిగా నవ్వితే, కోపంగా మాట్లాడితే "మందేసుకున్నావా?" అని అడక్కండి. ఆ ఒక్క ప్రశ్నతో మనిషి పోయి రోగి మిగులుతాడు. సంతోషించే హక్కు, విసుక్కునే హక్కు తనకూ ఉన్నాయి. వేళకు నిద్ర, వేళకు తిండి, మద్యానికి దూరం: ఈ క్రమాన్ని ఇల్లంతా పాటిస్తే తనొక్కడికే శిక్షలా ఉండదు.

మీ సంగతి?

కాపలా ఒక్కరి మీదే పడితే ఆ ఒక్కరూ మంచం పడతారు. ఆసుపత్రికి తీసుకెళ్లేది ఒకరు, రాత్రి తోడుండేది ఒకరు అని పంచుకోండి.

చచ్చిపోతానన్న మాట వస్తే బెదిరింపని కొట్టిపారేయొద్దు. సూటిగా అడగండి, ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలి మానస్ సహాయవాణి 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరును ఈరోజే ఇంట్లో అందరి ఫోన్లలో వేసిపెట్టండి.