ఏకాదశి ప్లేటులో ఏముంది?

తొలి ఏకాదశి వీడియోలో స్వామి యోగనిద్ర కథ చెప్పుకున్నాం కదా. ఆ రోజు ఏం తినాలి, ఎంత తినాలి అన్న సంగతి అందులో పట్టలేదు. ఇక్కడ చూద్దాం.

మనలో చాలామందిది ఒకటే లెక్క: అన్నం మానేశాం, కాబట్టి మిగతాది ఏది తిన్నా ఆరోగ్యమే. హాస్టల్లోనో ఆఫీసులోనో ఉంటే ఫోన్ తీసి సగ్గుబియ్యం కిచిడీ ఆర్డర్ పెట్టేస్తాం. సగ్గుబియ్యం అంటే కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండి. మన సామర్లకోట, పెద్దాపురం వైపు, తమిళనాడులో సేలం చుట్టుపక్కల తయారవుతుంది. 100 గ్రాముల సగ్గుబియ్యంలో 85 గ్రాముల పైనే పిండిపదార్థం. ప్రోటీన్ ఒక గ్రాము కూడా ఉండదు, పీచు నామమాత్రం. అంటే అన్నం వదిలేసి, అన్నం కంటే తక్కువ ప్రోటీన్ ఉన్నదాన్ని పట్టుకున్నామన్నమాట!

అలాగని అది చెడ్డదేం కాదు. తేలిగ్గా అరుగుతుంది, వెంటనే శక్తినిస్తుంది. కొండ మెట్లెక్కేవాళ్లకి మంచిదే. ఏసీ గదిలో లాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లు మాత్రం చిన్న గిన్నెడు చాలనుకోవాలి. గుప్పెడు పల్లీలు వేసుకుని, పక్కన పెరుగు పెట్టుకుంటే ఆ ప్రోటీన్ లోటు కొంత తీరుతుంది.

నన్నడిగితే తొలి ఏకాదశికి మన ఇళ్లలో చేసే పేలపిండే మేలు. జొన్న పేలాలు, బెల్లం, యాలకులు, అంతే. జొన్నల్లో 100 గ్రాములకి దాదాపు 10 గ్రాముల ప్రోటీన్, అంతే పీచు ఉంటాయి. కాకపోతే బెల్లం ఎక్కువైతే ఆ లాభం అక్కడే పోతుంది. బెల్లం, పంచదార కేలరీల్లో పెద్ద తేడా లేదు. ఇంకోటి, సైంధవ లవణం కూడా ఉప్పే. అందులోనూ ఉండేది సోడియమే. బీపీ ఉన్న నాన్నగారికి 'ఇది ఉపవాసం ఉప్పు కదా' అని ధారాళంగా వేసేయకండి.

గీత 17వ అధ్యాయం సాత్త్వికాహారం గురించి చెబుతూ ఏ ఒక్క వస్తువు పేరూ ఎత్తలేదు, గమనించారా? ఆయుష్షు, బలం, ఆరోగ్యం పెంచేది అని ఫలితాన్ని బట్టి చెప్పింది. అంటే ఒకరికి మేలు చేసింది ఇంకొకరికి చేయకపోవచ్చు. తినేవాళ్ల ఒంటిని కూడా చూడాలి.

అసలు భయపడాల్సింది ఇంట్లో పెద్దవాళ్ల గురించి. షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతూ, 'ఈ ఒక్కరోజుకేం కాదులే' అని పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా కూర్చుంటారు. తిండి లేకపోయినా మందు తన పని తాను చేస్తుంది. షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం మొదలవుతాయి. నీరసమే అనుకుని పడుకోబెట్టేస్తాం. ఇంకొందరు ఉపవాసం కదా అని మాత్రే మానేసి, సాయంత్రం పాయసం తింటారు. అదీ ప్రమాదమే. ఏకాదశికి వారం ముందే డాక్టర్‌ని అడిగితే ఆ రోజు మందు ఎంత వేసుకోవాలో, అసలు ఉపవాసం ఉండొచ్చో లేదో చెబుతారు.

'మాత్ర వేసుకుంటే వ్రతభంగం' అని అమ్మమ్మ అంటే, కోప్పడకుండా మహాభారతం ఉద్యోగ పర్వం గుర్తుచేయండి. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని విదురుడు చెప్పిన లెక్కలో నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు ఉన్నాయి. ఔషధం కూడా ఉంది.

ఉపవాసం రోజున గ్లూకోమీటర్ దగ్గర పెట్టుకోండి. 70 కంటే తగ్గితే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయండి.