డిక్కీ మూలలో 27 లీటర్ల గాలి

సబ్‌వూఫర్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది షేర్ ఆటో వెనక సీటు. వీపు వెనకాల రెండు పెద్ద బాక్సులు, వాటి చుట్టూ రంగురంగుల లైట్లు, పాట మొదలవగానే మన వెన్నెముక కూడా తాళం వేస్తుంది. అక్కడ బాక్సు కనపడటమే దాని గొప్ప. నేను చెప్పబోయేది దానికి పూర్తిగా ఉల్టా పని. కార్లో సబ్‌వూఫర్ ఉండాలి, కానీ ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు.

ఈ ఉల్టా పని వెనక మా నాన్న షరతులున్నాయి. మాది చిన్న హ్యాచ్‌బ్యాక్. "డిక్కీలో 26 కిలోల బియ్యం బస్తా పట్టాలి. దారిలో పంక్చరైతే ఏదీ విప్పకుండా స్టెప్నీ బయటికి రావాలి. మీ నాయనమ్మ వెనక సీట్లో కూర్చుంటే ఆవిడకి దడ పుట్టకూడదు. ఈ మూడూ కుదిరితే చేసుకో" అన్నారు. మనం ల్యాబ్ ప్రాజెక్టులకి రిక్వైర్‌మెంట్స్ అని పది పేజీలు రాస్తాం గానీ, ఇంత స్పష్టమైనవి నేనెప్పుడూ చూడలేదు.

అసలు దాచడం ఎలా సాధ్యం? దానికి జవాబు అల పొడవులో ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 50 హెర్ట్జ్ బేస్ తీసుకుంటే ఒక్కో అల దాదాపు 7 మీటర్లు. అంటే మన కారు కంటే పొడవు! మన రెండు చెవుల మధ్య దూరం మాత్రం 20 సెంటీమీటర్ల లోపే. శబ్దం ఒక చెవికి ముందు, ఇంకో చెవికి తర్వాత చేరే తేడా ఎంత లెక్కేసినా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అలేమో ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అంత నెమ్మదైన అలలో అంత చిన్న తేడా పట్టుకోవడం మెదడుకి చాలా కష్టం. అందుకే సుమారు 80 హెర్ట్జ్ కంటే కింద శబ్దం ఎటునుంచి వస్తోందో మనకి సరిగ్గా తెలీదు. తబలా కుడి పక్క వాయిస్తున్నారని చెప్పగలం, కార్లో ఆ లోతైన గుమ్మ్ ఎక్కడిదో చెప్పలేం.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. 50 హెర్ట్జ్ శబ్దానికి చోటు తెలీదు సరే. కానీ దాని వల్ల డిక్కీ డోరు టకటకమంటే, ఆ టకటక వందల వేల హెర్ట్జ్‌ల్లో ఉంటుంది. దాని చోటు చెవి వెంటనే పట్టేస్తుంది. బాక్సు గోడ వణికినా, కోను దాని హద్దు దాటి కొట్టుకున్నా అంతే. కంటికి దాచాలంటే ఒక కార్పెట్ ముక్క చాలు. చెవికి దాచడమే ఇంజినీరింగ్.

ఇక పెట్టె సంగతి. స్పీకర్‌ని పెట్టె లేకుండా గాల్లో వేలాడదీసి వాయిస్తే బేస్ రాదు. కోను ముందుకొచ్చినప్పుడు ముందు ఒత్తిడి పెరుగుతుంది, వెనక తగ్గుతుంది. రెండూ చుట్టూ తిరిగి కలిసి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. వెనక గాలిని బంధించాలి. ఒకప్పుడు మంచి బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె పెట్టేవాళ్ళు. 1954లో ఎడ్గర్ విల్చర్ అనే అమెరికన్ దీన్ని తిరగేశాడు. కోనుని వదులుగా వేలాడదీసి, చిన్న పెట్టెని గాలి చొరబడకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడాడు. గాలి స్ప్రింగు ఇనుప స్ప్రింగు కంటే నిజాయితీగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లోనూ ఏ స్పీకర్‌కి ఎంత పెట్టె కావాలో లెక్కలు కట్టారు. ఇవాళ సబ్‌వూఫర్ కొంటే దాంతో వచ్చే కాగితం మీద ఉండే ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అనే మూడు అంకెలు వీళ్ళ పేరు మీదే నడుస్తున్నాయి.

ఎఫ్ఎస్ అంటే స్పీకర్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ. క్యూటీఎస్ అంటే ఆ ఊగుడు ఎంత తొందరగా ఆగుతుందో చెప్పే అంకె. వీఏఎస్ అంటే కోను వేలాడే రబ్బరు అంచుకి ఎంత బిగువుందో, అంతే బిగువుండే గాలి ఎన్ని లీటర్లో చెప్పేది. ఈ మూడోది నాకు భలే నచ్చింది, ఒక స్ప్రింగుని లీటర్లలో కొలవడం!

పూర్తిగా మూసిన పెట్టెకి సూత్రం ఒక్క లైను:

పెట్టె క్యూ = క్యూటీఎస్ × √(వీఏఎస్ ÷ పెట్టె లీటర్లు + 1)

ఒక 10 అంగుళాల స్పీకర్‌కి ఎఫ్ఎస్ 30 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.45, వీఏఎస్ 40 లీటర్లు అనుకుందాం. పెట్టె క్యూ 0.707 వస్తే బేస్ చదునుగా, బిగువుగా ఉంటుంది. లెక్కేస్తే పెట్టె 27 లీటర్లు. ఎఫ్ఎస్‌ని కూడా అదే వర్గమూలంతో గుణిస్తే పెట్టెలో స్పీకర్ ఊగే ఫ్రీక్వెన్సీ వస్తుంది, దాదాపు 47 హెర్ట్జ్. చోటు లేదని పెట్టెని 18 లీటర్లకి కుదిస్తే? క్యూ 0.81 అవుతుంది, ఫ్రీక్వెన్సీ 54కి పోతుంది. బేస్ కాస్త ఉబ్బుతుంది, లోతు కాస్త పోతుంది, అంతే. మూసిన పెట్టెలో గొప్పదనం ఇదే, కొంచెం అటూ ఇటూ అయినా క్షమిస్తుంది. గొట్టం పెట్టే పోర్టెడ్ పెట్టె అలా కాదు. దానికి చోటు ఎక్కువ కావాలి, గొట్టం పొడవు లెక్క తప్పితే మొత్తం పాడు. వంకర మూలలో దాచేవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

27 లీటర్లంటే ఎంత? లీటరు డబ్బాలో బియ్యం సుమారు 800 గ్రాములు పడతాయి. అంటే 26 కిలోల బస్తాయే దాదాపు 32 లీటర్లు. మన పెట్టె బస్తా కంటే చిన్నది. పైగా హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో చక్రం గుబ్బ వెనకాల పక్క మూలలో ఒక గుంట ఉంటుంది. బస్తా అందులోకి వెళ్ళదు, సూట్‌కేసు వెళ్ళదు, మహా అయితే నీళ్ళ సీసా దొర్లుకుంటూ పోయి అక్కడ పడుకుంటుంది. ఆ గుంట, దాని ముందు ఇంకాస్త చోటు కలిపితే చాలు. స్టెప్నీ కింద మధ్యలో ఉంటుంది కాబట్టి దానికి అడ్డురాదు. పెట్రోల్ మూత ఉన్న వైపు మాత్రం వద్దు. ట్యాంకుకి వెళ్ళే గొట్టం ఆ ప్యానెల్ వెనకే ఉంటుంది, ఒక్క స్క్రూ పొడుగైతే చాలు కొంప మునగడానికి. ఇంకో వైపు కూడా ప్యానెల్ వెనక ఏ వైర్లున్నాయో, గాలి బయటికి పోయే రెక్కలు ఎక్కడున్నాయో చూసుకున్నాకే డ్రిల్లు పట్టాలి. సీఎన్జీ సిలిండర్ ఉన్న కార్లయితే ఈ ఆలోచనే మానుకోండి.

కారు మనకి ఉచితంగా ఇచ్చే బహుమతి ఒకటుంది. లోపల పొడవు 2.5 మీటర్లు అనుకుంటే, 69 హెర్ట్జ్ దగ్గర సగం అల దానికి సరిపోతుంది. అంతకంటే కింద అల పట్టదు, కారు లోపలి గాలంతా ఒకేసారి నొక్కుకుని వదులుతుంది. సిద్ధాంతం ప్రకారం ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ శబ్దం 12 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. మూసిన పెట్టెలో స్పీకర్ తన ఫ్రీక్వెన్సీ కింద సరిగ్గా అంతే, 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. ఒకరు తీసేస్తుంటే ఇంకొకరు వేసేస్తున్నారు. నిజం కార్లలో అద్దాలు, పల్చటి రేకు వంగుతాయి కాబట్టి అంత పూర్తిగా రాదు. అయినా ఇంట్లో వింటే బక్కగా ఉండే చిన్న పెట్టె కార్లో నిండుగా మోగడానికి కారణం ఇదే.

ఇప్పుడు నన్ను నిజంగా ఆశ్చర్యపరిచిన లెక్క. 10 అంగుళాల కోను వైశాల్యం సుమారు 330 చదరపు సెంటీమీటర్లు. అది ఒక సెంటీమీటరు లోపలికి కదిలితే 0.33 లీటర్ల గాలిని నొక్కుతుంది. 27 లీటర్ల పెట్టెలో ఒత్తిడి 1.4 × 0.33 ÷ 27, అంటే 1.7 శాతం పెరుగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ వాతావరణ పీడనం చదరపు మీటరుకి పది టన్నులు. అందులో 1.7 శాతమంటే 170 కిలోల పైనే. 30 × 40 సెంటీమీటర్ల గోడ మీద 20 కిలోలు. అది కూడా పెట్టి వదిలేసిన బరువు కాదు, సెకనుకు 50 సార్లు లోపలికీ బయటికీ తోస్తూ లాగుతూ ఉంటుంది. పల్చటి ప్లైవుడ్ పలక ఇక్కడ డప్పులా మోగుతుంది. వంపు తిరిగిన గోడ మాత్రం మోగదు. కుండ అంత పల్చగా ఉండి అంత బరువెలా ఆపుతుందో అలాగన్నమాట. కాబట్టి వంకర మూలకి సరిపోయే ఫైబర్ పెట్టె చోటు కోసమే కాదు, బిగువు కోసం కూడా మంచిది.

ఫైబర్ పని మన దగ్గర కొత్తదేం కాదు. కాకినాడ, విశాఖ వైపు చేపల పడవలు చేసేది ఈ పదార్థంతోనే, బంపర్ పగిలితే అతికించేదీ దీంతోనే. నేనూ అన్నయ్యా బంపర్లు బాగుచేసే ఒకాయన పక్కన రెండు పూటలు నిలబడి చూసి, ఆయన్నే మొదటి పొరలకి దగ్గరుండమని బతిమాలుకున్నాం. ముందు డిక్కీ మూలంతా మాస్కింగ్ టేపు రెండు పొరలు వెయ్యాలి, పైన అల్యూమినియం ఫాయిల్, మిగతా కారంతా ప్లాస్టిక్ షీటు. దాని మీద గాజు మ్యాట్ ముక్కలు పరిచి బ్రష్షుతో రెసిన్ తడపాలి. మ్యాట్‌ని కత్తెరతో కత్తిరించకూడదు, చేత్తో చింపాలి. చింపిన అంచులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రెండు పొరలు గట్టిపడ్డాక ఆ చిప్పని బయటికి లాగి, మిగతా పొరలు ఆరుబయట వేసుకోవచ్చు. మొత్తం మందం కనీసం 6 మిల్లీమీటర్లు రావాలి.

రసాయనాల గురించి మాత్రం ఒక హెచ్చరిక. మన షాపుల్లో రెసిన్, యాక్సిలరేటర్, హార్డెనర్ మూడు వేర్వేరు డబ్బాల్లో ఇస్తారు. యాక్సిలరేటర్‌లో కోబాల్ట్ ఉంటుంది, హార్డెనర్ పెరాక్సైడ్. ఈ రెండూ నేరుగా కలిస్తే పేలతాయి. ముందు యాక్సిలరేటర్‌ని రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ వెయ్యాలి, అదీ ఒకటి రెండు శాతమే. మన ఎండల్లో ఒక శాతం చాలు, లేకపోతే మగ్గులోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెంగా కలుపుకోండి. ఆవిరి ఆపే మాస్కు, కళ్ళద్దాలు, గ్లవుజులు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి. గీకేటప్పుడు వచ్చే గాజు పొడి దురద రెండు రోజులు వదలదు.

ముందు వైపుకి 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ రింగు. దాన్ని కావలసిన కోణంలో కర్ర ముక్కలతో నిలబెట్టి, చిప్పకీ దానికీ మధ్య పాత టీషర్టు బిగుతుగా లాగి స్టేపుల్ చేసి, రెసిన్‌తో తడిపితే గుడ్డే గోడవుతుంది. గట్టిపడ్డాక లోపలినుంచి మళ్ళీ మ్యాట్ పొరలు వెయ్యాలి. ఈ వంకర ఆకారం ఎన్ని లీటర్లో ఏ సూత్రమూ చెప్పదు. ఇంట్లో బియ్యం ఉన్నాయిగా! లోపల ప్లాస్టిక్ కవరు పరిచి, లీటరు డబ్బాతో కొలుస్తూ రింగు అంచుదాకా పోశాం. 29 పట్టాయి. స్పీకర్ అయస్కాంతం లోపలికి వెళ్ళి లీటరున్నర నుంచి రెండు లీటర్లు తింటుంది కాబట్టి సరిగ్గా సరిపోయింది. (అమ్మకి ఈ కొలత గురించి తర్వాత తెలిసింది.) ఒకవేళ తక్కువ పడితే దిండులో కూరే పాలిస్టర్ దూది కొంచెం వేస్తే పెట్టె 10, 15 శాతం పెద్దదైనట్టు పనిచేస్తుంది.

కోను ముందు ఇనుప జాలీ పెట్టాలి, లేకపోతే బస్తా మొదటి రోజే కోనుని చింపేస్తుంది. కోను ముందుకొచ్చినా తగలనంత ఖాళీ ఉండాలి. జాలీ మీద వేసే గుడ్డని నోటితో ఊదితే గాలి అవతలికి రావాలి. మిగతా పెట్టెకి డిక్కీ రంగు కార్పెట్. పెట్టెని కారుకి బ్రాకెట్లతో బోల్టు చెయ్యాలి, సడన్ బ్రేకులో అంత బరువు సీటు మీదికి ఎగిరొస్తే ఊహించుకోండి.

వైరింగ్ మీద ఎక్కువ చెప్పను, ఒక్క లెక్క తప్ప. 300 వాట్ల యాంప్లిఫయర్ 80 శాతం సామర్థ్యంతో 13.8 వోల్టుల దగ్గర సుమారు 27 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి వెనక్కి వచ్చే ఆ తీగ ఎక్కడైనా రేకుకి ఒరుసుకుని తగిలితే నిప్పే. అందుకే ఫ్యూజు యాంప్లిఫయర్ దగ్గర ఉంటే సరిపోదు, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. రేకులోంచి తీగ దూరే చోట రబ్బరు గ్రోమెట్ వెయ్యాలి. ఎలక్ట్రీషియన్ "ఏం కాదులే" అంటే ఒప్పుకోవద్దు.

ఇక చివరిది, చెవికి దాచడం. సబ్‌వూఫర్‌కి 80 హెర్ట్జ్ పైన ఏదీ వెళ్ళకుండా ఫిల్టర్ పెట్టండి, ఏటవాలు ఎంత నిటారుగా ఉంటే అంత మంచిది. ఫేజ్ స్విచ్ రెండు వైపులా మార్చి చూసి, డ్రైవర్ సీట్లో ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. డోర్ స్పీకర్లతో కలిసిపోతే డిక్కీలోంచి వచ్చే బేస్ డ్యాష్‌బోర్డు మీంచి వస్తున్నట్టే ఉంటుంది. పెట్టెకీ వెనక సీటు వీపుకీ మధ్య రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, నాయనమ్మ షరతుకి సగం జవాబు అదే. మిగతా సగం డ్రైవర్ చేతికందే చోట పెట్టిన బేస్ నాబ్.

తర్వాత ఫోన్లో 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పాకే టోను పెట్టి, ఒకరు లోపల, ఒకరు బయట తిరుగుతూ వినాలి. ఇది అచ్చం డీబగ్గింగే. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఆపి, అనుమానం ఉన్నదాన్ని చేత్తో నొక్కి పట్టాలి. శబ్దం ఆగితే దొంగ దొరికినట్టే. మా కార్లో 38 దగ్గర పార్సెల్ ట్రే, 44 దగ్గర జాకీ, 61 దగ్గర సీటు బెల్టు బకిల్ దొరికాయి. ఫోము టేపు, పాత ఫెల్టు ముక్కలతో అన్నీ నోరు మూసుకున్నాయి. 52 దగ్గర ఒకటి మాత్రం పూటంతా తిప్పించింది, లోపలెక్కడా లేదు. చివరికి బయట తిరుగుతున్న అన్నయ్య వెనక నంబర్ ప్లేటు మీద చెయ్యేశాడు.

లెక్కలు వేసిన స్ప్రెడ్‌షీట్ కావాలంటే అడగండి, పంపిస్తాను. అందులో మీ స్పీకర్ కాగితం మీదున్న అంకెలు వెయ్యండి, పైన నేను రాసినవి కాదు.