నల్లగా పండే గోరింటాకు

ఆషాఢం వచ్చిందంటే తెలుగు ఇళ్లలో గోరింటాకు రుబ్బాల్సిందే. బదిలీ మీద ఏ ఊరు వెళ్లినా మేము ముందు వెతికేది ఆ చెట్టునే. దక్షిణ అండమాన్‌లోని ఈ తుష్నాబాద్‌లో అది మా క్వార్టర్ వెనకే దొరికింది. మా తరగతిలో బెంగాలీ, తమిళం, మలయాళం, తెలుగు మాట్లాడే పిల్లలు కలిసి కూర్చుంటారు. చేతులు పండించుకోవడం మాత్రం అందరికీ ఇష్టమే.

నిరుడు ఒక సోమవారం ఏడో తరగతి పాప కుడిచేతి వెనక నల్లటి తీగ, పువ్వు వేయించుకుని వచ్చింది. "నిన్న పెళ్లిలో పెట్టారు మేడం, అరగంటలో పండింది" అంది. బాగుందని మేమూ మెచ్చుకున్నాం. బుధవారానికి అదే తీగ, అదే పువ్వు ఎర్రగా ఉబ్బి నీటిపొక్కులు లేచాయి. దురదతో రాత్రంతా నిద్ర లేదట, పెన్ను పట్టుకోలేకపోయింది. వాళ్లమ్మ అడిగిన ప్రశ్న ఇది: "పోయినేడు కూడా ఇలాంటిదే పెట్టించాం మేడంగారూ, అప్పుడేమీ కాలేదు కదా?"

ఈ పాఠం ఆ ప్రశ్న కోసమే.

గోరింటాకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. చింతపండో నిమ్మరసమో వేసి రుబ్బితే అది బాగా బయటికి వచ్చి చర్మంలోని కెరాటిన్‌ను పట్టుకుంటుంది. కడిగిన వెంటనే నారింజ రంగు, ఒకటి రెండు రోజులకు ముదురు ఎరుపు. ఎంత బాగా పండినా గోధుమ ఎరుపు దాకానే, బొగ్గులా నల్లబడదు. గంటలోపే నల్లబడిందంటే అందులో తలకు వేసే రంగుల్లో వాడే పారా-ఫెనిలిన్‌డయామిన్ కలిపారని అనుమానించాలి. దాన్నే పొట్టిగా పీపీడీ అంటారు. తలరంగులో కూడా దానికి పరిమితి పెట్టారు. యూరప్‌లో తలకు రాసే మిశ్రమంలో 2 శాతం మించకూడదు. పేరూ వివరాలూ లేని కోన్‌లో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు?

ఇక అమ్మ ప్రశ్న. మొదటిసారి చాలామందికి ఏమీ కాదు. కానీ ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చు. మళ్లీ తగిలితే రెండు మూడు రోజుల్లోనే తిరగబడుతుంది. కాబట్టి చిన్న చుక్క పెట్టి చూసి, ఏమీ కాలేదని ధైర్యపడటం పనికిరాదు. ఆ చుక్కే అలర్జీకి నాంది కావచ్చు. ఈ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పెద్దయ్యాక తలకు రంగు వేసుకున్నా, కొన్ని రంగుబట్టలు కట్టినా, కొన్ని మత్తు లేపనాలు రాసినా మళ్లీ లేవవచ్చు. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ సంగతి చెప్పాలి.

పొక్కులు వస్తే చిదమకండి, పసుపూ ఆకుపసర్లూ పూయకండి. చేతిని మంచినీటితో కడిగి డాక్టరుకు చూపించండి. ముఖం వాచినా, ఊపిరాడకపోయినా క్షణం ఆగవద్దు. పసిబిడ్డల విషయం వేరు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డకు అసలైన గోరింటాకే రక్తకణాలను దెబ్బతీయగలదు. ముద్దుకోసం బొడ్డూడని పిల్లల పాదాలకు పెట్టకపోతేనే మంచిది.

ఆ పాప చేతి మీద పొక్కులు మానినా తీగ ఆకారంలో తెల్లమచ్చ నెలల తరబడి ఉండిపోయింది. ఈ ఆషాఢంలో డాక్టరుగారు సరేనన్నాకే వాళ్లమ్మ మా పెరట్లో ఆకు కోసుకెళ్లింది. మర్నాడు పాప అరచేతిలో నారింజరంగు చందమామ చూపించి, "సరిగ్గా పండలేదు మేడం" అని మూతి ముడిచింది. రేపు చూసుకోమన్నాం.