గంటకి ఎంత మావయ్యా?

రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు వెళ్తుంటే కడియపులంక దగ్గర హైవేకి అటూ ఇటూ మొక్కలే కనిపిస్తాయి. మా మావయ్య ఆ నర్సరీల్లో చాలా ఏళ్ళు పనిచేసి, తర్వాత సొంతంగా లాన్లు, తోటలు వేసే పని పెట్టుకున్నాడు. మనుషుల్ని పెట్టుకోలేదు, ఒక్కడే. నేల తవ్వడానికి రోజుకూలీలు దొరక్క విసిగిపోయి, కిందటేడు 25 హెచ్‌పీ మినీ ట్రాక్టర్, నాలుగడుగుల రోటవేటర్, గొర్రు, చదును చేసే బ్లేడు కొన్నాడు. అత్తయ్య గాజులు బ్యాంకులో పెట్టి డౌన్ పేమెంట్ కట్టారు. తన పని లేని రోజుల్లో ట్రాక్టర్‌ని అద్దెకి తిప్పితే వాయిదాలు వాటంతట అవే తీరిపోతాయని లెక్క.

దసరా సెలవులకి నేను వెళ్ళేసరికి పని బాగానే ఉంది, చేతిలో డబ్బు మాత్రం లేదు. "ఒరే అల్లుడూ, ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, ఎక్కడ పోతున్నాయో చూడు" అన్నాడు. ఇంజనీరింగ్ ఎకనామిక్స్ పేపర్‌కి తరుగుదల పాఠం నేను బట్టీ కొట్టానే తప్ప, అది ఒకరి ఇంట్లో గాజుల దాకా వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ముందు అడిగింది ఒకటే. గంటకి ఎంత మావయ్యా? 600 అన్నాడు. ఎందుకు 600? పక్క ఊరి ట్రాక్టర్ వాళ్ళు అంతే తీసుకుంటున్నారు కాబట్టి. డీజిల్‌కి 300 పోతే 300 మిగులుతుందట.

నోటుబుక్కు తీశాం. మొత్తం పెట్టుబడి 6,50,000. పదేళ్ళ తర్వాత అమ్మితే 2,00,000 వస్తుందనుకుందాం. ఏడాదికి తరుగు 45,000. సగటు పెట్టుబడి 4,25,000 మీద 11 శాతం వడ్డీ వేస్తే 46,750. ఇన్సూరెన్సు, షెడ్డు కలిపి 12,000. వెరసి 1,03,750. ఈ డబ్బు ట్రాక్టర్ పొలంలో తిరిగినా, చెట్టుకింద టార్పాలిన్ కప్పుకుని పడుకున్నా ఖర్చయ్యేదే. అందుకే గంటల లెక్క ముఖ్యం. పక్క ఊరి ట్రాక్టర్ ఏడాదికి 800 గంటలు తిరుగుతుంది. మావయ్యది 400 దాటేలా లేదు. 800 గంటలైతే ఈ స్థిర ఖర్చు గంటకి 130 పడుతుంది, 400 అయితే 260. దానికి డీజిల్ మూడు లీటర్లు, 97 చొప్పున 291. ఆయిలు, ఫిల్టర్లు, రిపేర్లు, అరిగిపోయే రోటవేటర్ బ్లేడ్లు కలిపి 85. మావయ్య కూలి గంటకి 100. తన కూలి కలపనని మొండికేశాడు, "నాకు నేను జీతం ఇచ్చుకోవడమేంట్రా" అని. అదే పని ఇంకొకరికి చేస్తే ఊరికే చేస్తావా అని అత్తయ్య వంటింట్లోంచి అడిగాక ఊరుకున్నాడు.

మొత్తం 736. పక్క ఊరి వాళ్ళ గంటలతో అయితే 606. అంటే 600 వాళ్ళకే బొటాబొటి రేటు. మావయ్యకి ప్రతి గంటా నష్టమే.

అయితే అసలు చిల్లు ఇంకోచోట ఉంది. రోటవేటర్ గంటకి ఎంత నేల దున్నుతుందో మన మెకానికల్ వాళ్ళు ఇట్టే చెప్పగలరు: వెడల్పు, వేగం, సామర్థ్యం మూడూ గుణించడమే. 1.2 మీటర్ల వెడల్పు, గంటకి 3 కిలోమీటర్ల వేగం, అంటే 3,600 చదరపు మీటర్లు. పెద్ద పొలంలో మలుపులకి పోగా 75 శాతం, 2,700 నికరం. ఎకరానికి గంటన్నర. ఇంటి పెరళ్ళలో మలుపులే ఎక్కువ కాబట్టి 50 శాతం చాలు. పది సెంట్లంటే 405 చదరపు మీటర్లు, పావుగంట కూడా పట్టదు. రెండు సార్లు దున్నినా అరగంట.

ఆ పది సెంట్ల జాగా మావయ్య ఇంటికి 12 కిలోమీటర్లు. ట్రాక్టర్ రోడ్డు మీద గంటకి 20 కంటే పోదు. వెళ్ళి రావడానికి గంటా పన్నెండు నిమిషాలు. అరగంట పనికి గంట డబ్బులు, 600, తీసుకున్నానని మావయ్య సంతోషపడ్డాడు. ఇంజన్ తిరిగింది మాత్రం 1.7 గంటలు. స్థిర ఖర్చు, రిపేర్లు, కూలి గంటకి 445 చొప్పున 757. డీజిల్ దాదాపు నాలుగు లీటర్లు, 378. మొత్తం 1,135. ఎవరో తెలియని ఆయన పెరట్లోకి మావయ్య 535 రూపాయలు ఎదురు పెట్టి వచ్చాడన్నమాట. అలాంటివి ఆ నెలలో తొమ్మిది ఉన్నాయి. లెక్కంతా అయ్యాక ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు లాన్ పనులకి గంట రేటు చెప్పడం మానేశాడు. జాగా చూసి పని మొత్తానికి ఒక ధర చెప్తున్నాడు, దూరం కలిపి. ఎంత చిన్న పనైనా 1,500కి తగ్గడు. ఒకే వైపు పనులు రెండు మూడు కుదిరాకే బండి తీస్తున్నాడు. పొలం పనికి మాత్రం గంట రేటే. ఇక్కడొక చిన్న సంగతి: పాత మెకానికల్ అవర్ మీటర్ ఇంజన్ చుట్ల మీద ఆధారపడి తిరుగుతుంది, కాబట్టి తక్కువ చుట్ల మీద నడిపితే గడియారంలో గంట అయినా మీటర్‌లో గంట పడదు. ఏది చూసి డబ్బులు తీసుకుంటామో ముందే చెప్పకపోతే గట్టు మీద గొడవే.

ఖాళీ గంటలు నింపడానికి అరటి, కొబ్బరి తోటలు పట్టుకున్నాడు. చాళ్ళ మధ్య పెద్ద ట్రాక్టర్ దూరదు, మినీ దూరుతుంది. కాకపోతే రైతు గెలలు అమ్మాకే డబ్బులిస్తాడు, వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. అందుకే రొక్కం ఇచ్చే లాన్ పనీ, అరువు పెట్టే తోట పనీ రెండూ ఉండాలంటాడు. పన్ను విషయంలోనూ తేడా ఉంది. సాగు పనికి జీఎస్టీ లేదు. లాన్ పనికి ఉంది, అదీ ఏడాది రాబడి 20 లక్షలు దాటితే. మావయ్య ఆ దరిదాపుల్లో లేడు!

లెక్కలకి అందనివి మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తుంగ ఉన్న నేలలో తొందరపడి రోటవేటర్ దింపకూడదు. దుంపల గొలుసు ముక్కలై ప్రతి ముక్కా మొలుస్తుంది. మొదటి నెలల్లో ఒక ఇంట్లో అలాగే చేసి, లాన్ మొత్తం తుంగ లేచి, సొంత డబ్బుతో మళ్ళీ వేసిచ్చాడు. ఎండాకాలంలో గొర్రుతో రెండు మూడు సార్లు తిరగేసి, దుంపల్ని ఎండనిచ్చి, ఆ తర్వాతే రోటవేటర్. తడి నల్లరేగడిలోనూ అంతే. పదును రాకుండా దున్నితే పైన మెత్తగా కనిపిస్తుంది, అడుగున పలకలా బిగుసుకుంటుంది. "రేపు రమ్మంటే పని పోతుందేమో కదా" అన్నాను. "ఇవాళ దున్నితే పేరు పోద్ది" అన్నాడు.

దింపే ముందు బోరు కేబులు, డ్రిప్పు పైపు ఎక్కడున్నాయో యజమానిని వెంట నడిపించి సున్నంతో గీత గీయిస్తాడు. అది కూడా ఒకసారి కేబులు తెగాక మొదలైన అలవాటే. నేను గట్టిగా చెప్పింది ఒక్కటి: పీటీఓ షాఫ్ట్ 540 ఆర్‌పీఎంతో తిరుగుతుంది, అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. మెడలో తువ్వాలు దానికి చిక్కితే చెయ్యి పెట్టి లాగే వ్యవధి ఉండదు. షాఫ్ట్ మీది ప్లాస్టిక్ కవరు ఊడిపోయి ఉంది, ఆ రోజే కొత్తది వేయించాం. తువ్వాలు ఇప్పుడు సీటు వెనక కట్టుకుంటున్నాడు.

మొన్న ఫోన్ చేస్తే జనవరి లెక్క చదివి వినిపించాడు. 52 గంటలు, అందులో దారి 11. ఒకప్పుడు సగానికి సగం దారే ఉండేది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. మార్చికి సర్వీసింగ్ ఉంది, అది కూడా గంట రేటులో వేశామో లేదో చూసి చెప్పమన్నాడు.