ఎల్‌శాట్‌కు చదివేవారికి: తప్పుల పుస్తకం



మన పిల్లల్లో లా స్కూల్‌కు వెళ్లాలనుకునేవారి కోసం ఈ నాలుగు మాటలు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, లాయరును కాను. మా పిన్ని కూతురు ఎల్‌శాట్‌కు చదివినప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్నదే చెబుతున్నాను.

ముందుగా పరీక్ష సంగతి. 2024 ఆగస్టు నుండి లాజిక్ గేమ్స్ తీసేశారు. పాత పుస్తకాల్లో ఆ భాగం వదిలేయండి. ఇప్పుడు 35 నిమిషాల చొప్పున నాలుగు సెక్షన్లు. లాజికల్ రీజనింగ్ రెండు, రీడింగ్ కాంప్రహెన్షన్ ఒకటి స్కోరుకు లెక్క. నాలుగోది లెక్కలోకి రాదు, కానీ అది ఏదో మనకు చెప్పరు. స్కోరు 120 నుండి 180 వరకు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి.

మా చెల్లి ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు టెస్టు మీద టెస్టు రాసేది. స్కోరు మాత్రం కదల్లేదు. "అన్నయ్యా, ఇది నా వల్ల కాదేమో" అంది ఒకరోజు. తన నోట్సు చూస్తే స్కోర్లే ఉన్నాయి, తప్పు ఎందుకు జరిగిందో ఒక్క ముక్క లేదు. ప్రోగ్రామ్‌లో బగ్ ఉంటే వందసార్లు రన్ చేసినా పోదు కదా!

అప్పటి నుండి ఇలా చేశాం:

1. టైమ్ పెట్టుకుని ఒక సెక్షన్ రాయడం, అనుమానం ఉన్నవాటికి గుర్తు పెట్టడం.

2. కీ చూడకముందే ఆ ప్రశ్నలను టైమ్ లేకుండా మళ్లీ చేయడం. ఇప్పుడు సరిగ్గా వస్తే సమస్య వేగానిది. మళ్లీ తప్పితే అసలు విషయమే అర్థం కాలేదు.

3. ప్రతి తప్పుకూ రెండు వాక్యాలు సొంత మాటల్లో రాయడం: నేనెందుకు మోసపోయాను? సరైన జవాబు ఎందుకు సరైనది?

4. వారం తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ చేయడం.

ఒక ఉదాహరణ. "వాన పడితే రోడ్డు తడుస్తుంది. రోడ్డు తడిసింది. కాబట్టి వాన పడింది." సరేననిపిస్తుంది. కానీ ఎవరో నీళ్లు చల్లి ఉండవచ్చు! మా చెల్లి పుస్తకంలో ఈ రకం తప్పే పదే పదే కనబడింది. దాన్ని పట్టుకున్నాక, మెల్లగా స్కోరూ కదిలింది.

అసలైన పాత ప్రశ్నపత్రాలు కొన్ని పరీక్ష నిర్వహించే ఎల్‌శాక్ వారి లాహబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. వారానికి ఒక పూర్తి టెస్టు చాలు. ఆదివారం విశ్రాంతి తీసుకోండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. స్కోరెంత అని రోజూ అడగకండి. "ఈ వారం ఏ తప్పు దొరికిందమ్మా?" అని అడిగి చూడండి.