పళ్ళు కొరికేది ఎవరి మీద?

సెకండ్ ఇయర్ మొదటి మిడ్స్ దగ్గర పడుతున్నాయి. ఒకరోజు పొద్దున్నే నా రూమ్మేట్ చాలా మొహమాటపడుతూ అడిగింది: "ఏమీ అనుకోకు గానీ, నీకు ఎవరి మీదైనా కోపంగా ఉందా?" నాకేం అర్థం కాలేదు. తను ఫోన్ తీసి ముందురోజు రాత్రి రికార్డ్ చేసిన ఆడియో వినిపించింది. ఫ్యాన్ చప్పుడు మధ్యలో కరకరమని, రాయి మీద రాయి పెట్టి అరగదీస్తున్నట్టు ఒక శబ్దం. అది నేనే! నిద్రలో పళ్ళు కొరుకుతున్నాను. మూడు వారాలుగా తనకి సరిగ్గా నిద్ర లేదట. రూమ్ మార్చమని వార్డెన్‌కి లెటర్ కూడా రాసుకుంది, ఇవ్వలేక ఆగింది.

నాకు ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది. ఎందుకంటే అప్పటికి రెండు నెలలుగా లేవగానే కణతల దగ్గర తలనొప్పి. కళ్ళజోడు పవర్ మారిందేమో అనుకున్నా. చల్లనీళ్ళు తాగితే ఎడమవైపు పన్ను జివ్వుమనేది. అది వేరే సంగతి అనుకున్నా. రెండూ ఒకటేనని తట్టనే లేదు.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "కడుపులో పురుగులే, మందేసుకో." మనలో చాలామంది ఇళ్ళలో వినే మాటే ఇది. స్కూల్లో మింగించే ఆల్బెండజోల్ నులిపురుగులకి మంచి మందే. కానీ పళ్ళు కొరకడానికి పురుగులే కారణం అనడానికి గట్టి ఆధారం లేదు. చిన్నపిల్లల్లో ఈ అలవాటు ఎక్కువే, చాలామందికి పెద్దయ్యేకొద్దీ దానంతట అదే పోతుంది.

అసలేం జరుగుతుంది?

దీన్ని బ్రక్సిజం అంటారు. పళ్ళు కొరకడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. తెలుగులో పళ్ళు కొరికామంటే కోపం వచ్చిందని అర్థం కదా, అందుకే నా రూమ్మేట్ అలా అడిగింది. నిజానికి ఇందులో కోపం ఏమీ ఉండక్కర్లేదు. నిద్రలో మన మెదడు అప్పుడప్పుడూ కొన్ని సెకన్లపాటు సగం మేలుకుని మళ్ళీ పడుకుంటుంది. ఇది అందరికీ జరిగేదే, పొద్దున్నకి గుర్తుండదు. కొంతమందికి ఆ సమయంలో గుండె వేగం కాస్త పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరాలు నమిలినట్టు లయగా బిగుసుకుంటాయి. పళ్ళ చప్పుడు ఈ వరుసలో ఆఖరిది. ఎక్కువగా ఇది గాఢనిద్రలో కాదు, తేలిక నిద్రలో జరుగుతుంది.

ఇప్పుడు చెవి కింద, దవడ మూల దగ్గర వేళ్ళు పెట్టి పళ్ళు గట్టిగా బిగించి చూడండి. వేళ్ళ కింద ఒకటి ఉబ్బుతుంది. దాని పేరు మాసెటర్, నమలడానికి వాడే కండరం. కణత దగ్గర ఇంకొకటి ఉంటుంది. రాత్రంతా అవి పనిచేస్తే పొద్దున్న తల నొప్పెట్టదా మరి? పంటి మీద ఉండే ఎనామిల్ మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం. కానీ ఒకసారి అరిగితే మళ్ళీ పెరగదు. అది పలచబడ్డాక చల్లదనం లోపలికి తగులుతుంది. నా పన్ను జివ్వుమన్నది అందుకే.

కారణం ఒక్కటే కాదు

టెన్షన్ ఒక కారణం. సాయంత్రం దాటాక తాగే కాఫీలు, సిగరెట్లు, మందు కూడా దీన్ని పెంచుతాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు, అలాగని వాటిని సొంతంగా ఆపేయకూడదు, రాసిచ్చిన డాక్టర్‌కే చెప్పాలి. కొన్ని కుటుంబాల్లో ఇది వరసగా కనిపిస్తుంది. గట్టిగా గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టవడం, పగలంతా మత్తు ఉంటే స్లీప్ ఆప్నియా ఉందేమో చూపించుకోవాలి. పళ్ళ వరస సరిగ్గా లేకపోవడమే కారణమని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు, ఇప్పుడు ఆ వాదనకి పెద్దగా బలం లేదు. అందుకని దీనికోసం మంచి పళ్ళని అరగదీయించుకోకండి.

నాకు ధైర్యమిచ్చిన విషయం ఇంకొకటుంది. 2018లో వేర్వేరు దేశాల నిపుణులు కలిసి ప్రచురించిన పత్రంలో, మిగతా ఆరోగ్యం బాగున్నవాళ్ళలో దీన్ని రోగంగా చూడనక్కర్లేదన్నారు. ఇది కండరాలు చేసే ఒక పని, నష్టం కలిగిస్తున్నప్పుడు పట్టించుకోవాలి.

ఏం చేయాలి?

డెంటిస్ట్ నా నోరు చూడకముందే అడిగిన ప్రశ్న: "పక్కన పడుకునేవాళ్ళు ఏమైనా చెప్పారామ్మా?" తర్వాత అద్దంలో చూపించారు. దవడ పళ్ళ మొనలు చదునైపోయాయి, నాలుక అంచున పళ్ళ గుర్తులున్నాయి. పళ్ళ అచ్చు తీసుకుని గట్టి అక్రిలిక్‌తో నైట్ గార్డ్ చేయించారు. రాత్రి పై పళ్ళకి తొడుక్కోవాలి. పొద్దున్న బ్రష్‌తో, చల్లనీళ్ళతో కడగాలి, వేడినీళ్ళు తగిలితే వంకరపోతుంది.

ఒక విషయం మాత్రం స్పష్టంగా చెప్పాలి. గార్డ్ పళ్ళని కాపాడుతుంది, కొరకడాన్ని ఆపుతుందన్న నమ్మకం లేదు. మన భాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ క్రాష్ అవ్వకుండా ఎర్రర్‌ని పట్టుకోవడం లాంటిది, బగ్ అలాగే ఉంటుంది. ఆ బగ్ కోసం పగలు కూడా చూసుకోమన్నారు. చూస్తే, కోడ్ రన్ అవ్వనప్పుడల్లా నేను పళ్ళు బిగించే కూర్చుంటున్నా! తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళు, కింది పళ్ళు తగలాల్సిన పని లేదు. అందుకే ల్యాప్‌టాప్ మూలన ఒక స్టిక్కర్ అంటించుకున్నా: "పెదవులు కలిపి, పళ్ళు విడిగా." అది కనిపించినప్పుడల్లా దవడ వదులు చేస్తా. రాత్రి పదింటి కాఫీ మానేశా. బబుల్ గమ్ మానేశా, అలసిపోయిన కండరానికి మళ్ళీ ఎక్సర్‌సైజ్ ఎందుకు?

తలనొప్పి చాలావరకు తగ్గింది. కొరకడం పూర్తిగా పోలేదు. అసైన్‌మెంట్ డెడ్‌లైన్ ముందురోజు రాత్రి ఇంకా చేస్తున్నానట, గార్డ్ వల్ల చప్పుడు మాత్రం తగ్గింది. ఈ సంగతి పొద్దున్నే చెప్పేది నా రూమ్మేటే. లెటర్ ఇవ్వలేదు, ఇప్పటికీ పక్క మంచమే తనది.

మీ రూమ్‌లో కూడా ఎవరైనా కొరుకుతుండొచ్చు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఊరుకోకండి, నలుగురిలో నవ్వకండి. పక్కకి పిలిచి చెప్పండి. పడుకున్నవాళ్ళకి ఆ చప్పుడు వినపడదు. మీరు చెప్పకపోతే పళ్ళు అరిగాకే వాళ్ళకి తెలుస్తుంది.