ట్రాక్టరు షెడ్డుకు గాలి కంప్రెసరు – ఎన్నుకొను విధము

ట్రాక్టరు గల రైతు ఇంట షెడ్డే నేడు ఒక చిన్న వర్కుషాపుగా మారినది. టైర్లకు గాలి పట్టుట, రేడియేటరులో చిక్కిన ఊకను, దుమ్మును ఊదుట, బిగుసుకొనిన నట్లు విప్పుట, ట్రాలీకి, నాగళ్ళకు రంగు వేయుట – వీటన్నిటికి గాలి కంప్రెసరు అక్కరకు వచ్చును. దమ్ము చేయు రోజులలో టైరులో గాలి దిగి, దానికొరకు పట్టణమునకు పోయి రావలసివచ్చినచో ఒక పూట సేద్యము పోవును. అందుచే పలువురు రైతులు ఇంటివద్దనే కంప్రెసరు పెట్టుకొనుచున్నారు. అయితే దుకాణమునకు పోయి "రెండు హార్సుపవరుది ఇవ్వండి" అనియో, "పెద్ద ట్యాంకుది ఇవ్వండి" అనియో అడిగి తెచ్చుకొనుట సరియైన పద్ధతి కాదు. పంపుసెట్టు కొనునపుడు నీరెంత పోయునో అడుగుదురు గదా! అట్లే కంప్రెసరు కొనునపుడు నిమిషమునకు గాలి ఎంత ఇచ్చునో ముందుగా అడుగవలెను.

పీడనము వేరు, పరిమాణము వేరు

పంపు నీటిని ఎంత ఎత్తుకు తోయునను విషయము వేరు, గంటకు ఎంత నీరు పోయునను విషయము వేరు. కంప్రెసరు సంగతియు అంతే. గాలి ఎంత గట్టిగా అదిమియున్నదో తెలుపునది పీడనము. దీనిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని కొలుతురు, దుకాణదారులు పి.యస్.ఐ. అందురు. నిమిషమునకు ఎన్ని ఘనపుటడుగుల గాలి వచ్చునో తెలుపునది పరిమాణము, దీనిని సి.ఎఫ్.ఎం. అందురు. చిన్న కంప్రెసర్లు సైతము 100 పౌనులకు పైగా పీడనము ఇచ్చును. కావున పీడనమునుబట్టి మంచిచెడ్డలు తేలవు. తేడా అంతయు పరిమాణములోనే యున్నది.

మీ పనికి ఎంత గాలి కావలెను?

1. టైర్లు: ట్రాక్టరు వెనుక టైరు ఒకదానిలో సుమారు 200 లీటర్ల చోటుండును. పొలములో దానికి 12 నుండి 16 పౌనుల పీడనము చాలును. పూర్తిగా దిగిన టైరును నింపుటకు పట్టు గాలి సుమారు 7 ఘనపుటడుగులు. నిమిషమునకు 3 లేక 4 ఘనపుటడుగులు ఇచ్చు చిన్న యంత్రము రెండు, మూడు నిమిషములలో ఈ పని ముగించును.

2. నట్లు విప్పు ఇంపాక్టు గన్ను: నిమిషమునకు 4 నుండి 6 ఘనపుటడుగులు. ఇది ఆగి ఆగి చేయు పని గనుక మధ్యమధ్య ట్యాంకు నిండుచుండును.

3. రంగు గన్ను: రకమునుబట్టి 5 నుండి 12 ఘనపుటడుగులు. గాలి తగ్గినచో రంగు చుక్కలు చుక్కలుగా పడి పని చెడును.

4. గాలితో తిరుగు సానరాయి, పాలిషు యంత్రము: 8 ఘనపుటడుగులు, అంతకు మించియు కావలెను, అదియు ఎడతెగకుండ. ఈ పనులకు ఇంటి కంప్రెసరు చాలదు. కరెంటుతో నేరుగా తిరుగు సానయంత్రమే చవుక.

ట్యాంకును చూచి మోసపోరాదు

పెద్ద ట్యాంకు ఉన్నచో గాలి ఎక్కువ వచ్చునని పలువురి నమ్మకము. లెక్క వేసి చూడుడు. 100 లీటర్ల ట్యాంకు 120 పౌనులవద్ద ఆగి, 90 పౌనులవద్ద మరల మొదలగుననుకొనుడు. ఈ నడుమ వాడుకకు దొరకు గాలి సుమారు 204 లీటర్లు, అనగా 7 ఘనపుటడుగులు మాత్రమే. మీ యంత్రము నిమిషమునకు 5 ఘనపుటడుగులు ఇచ్చుచుండగా రంగు గన్ను 8 లాగినచో, నిమిషమునకు 3 చొప్పున ట్యాంకు తరుగును. రెండున్నర నిమిషములు గడచుసరికి పీడనము పడిపోవును. బావిలో ఊట లేనిదే తొట్టి ఎంత పెద్దదైనను ప్రయోజనమేమి?

బోర్డుపైనున్న అంకెను కూడ పరీక్షించవలెను. కొందరు పిస్టను ఊడ్చు చోటును లెక్కగట్టి ఆ అంకెను చూపుదురు. నిజముగా వెలికి వచ్చు గాలి అంతకంటె నాల్గవ వంతో, ఇంకను ఎక్కువయో తక్కువగా నుండును. "ఫ్రీ ఎయిర్ డెలివరీ ఎంత? ఎంత పీడనమువద్ద?" అని అడిగి బిల్లుపై వ్రాయించుకొనుడు. మంచి యంత్రములో హార్సుపవరు ఒకటికి సుమారు 3 నుండి 4 ఘనపుటడుగులు వచ్చును. మీ అవసరముకంటె మూడవ వంతు ఎక్కువ ఇచ్చు యంత్రమును తీసికొనినచో దానికి మధ్యమధ్య విశ్రాంతి దొరకి, చాలకాలము మన్నును.

టైర్లకు, దుమ్ము ఊదుటకు మాత్రమే అయినచో 1 హార్సుపవరు, 50 లీటర్ల ట్యాంకు చాలును. ఇంపాక్టు గన్ను, అప్పుడప్పుడు రంగు పనియు ఉన్నచో 2 లేక 3 హార్సుపవరు, 100 నుండి 150 లీటర్ల ట్యాంకు తగినది. రోజూ పని ఉన్నచో నూనెతో నడచు, బెల్టు గల పోతయినుము పంపు రకము మేలు. నూనె అక్కరలేని చిన్న రకములు తేలికగా నుండును గాని చప్పుడెక్కువ, ఆయువు తక్కువ.

విద్యుత్తు

3 హార్సుపవరు మోటారు సుమారు 2,240 వాట్ల పని చేయును. లాగు విద్యుత్తు అంతకంటె ఎక్కువ. మొదలగునపుడు అనేక రెట్లు లాగును. సన్నని పొడుగు తీగలతో నడిపినచో వోల్టేజి పడిపోయి మోటారు కాలును. తీగను పొడిగించుటకంటె గాలి గొట్టమును పొడిగించుట మేలు. సేద్యపు పంపుసెట్టు కనెక్షనునుండి దీనికి కరెంటు తీయరాదు.

ట్యాంకులో నీరు

30 డిగ్రీల వేడిలో తేమతో నిండిన గాలి ఘనపు మీటరు ఒకటికి సుమారు 30 గ్రాముల నీరు మోయును. ఆ గాలిని ఎనిమిదవ వంతుకు అదిమి చల్లార్చినచో చాలవరకు నీరై ట్యాంకు అడుగున చేరును. కోస్తా జిల్లాలలో వానకాలమున ఇది మరీ ఎక్కువ. ఈ నీటివలన ట్యాంకు లోపలినుండి తుప్పుపట్టి, బయటికి కానరాకుండనే రేకు పలుచనై ఒకనాడు ప్రేలును. కావున పని ముగిసిన ప్రతిదినము అడుగు కుళాయి విప్పి నీరు వదలవలెను. దీనికి పట్టునది ఒక్క నిమిషము.

ప్రాణరక్షణకు పాటించవలసినవి

1. సేఫ్టీ వాల్వు, పీడనపు గేజి, బెల్టు తొడుగు లేని యంత్రమును కొనవద్దు. సేఫ్టీ వాల్వును బిగించి మూయవద్దు.

2. పాత వంట గ్యాసు సిలిండరును ట్యాంకుగా వాడరాదు. తుప్పు తిన్న ట్యాంకుకు వెల్డింగు చేయించి వాడరాదు. పాత యంత్రము కొనవలసివచ్చినచో ట్యాంకును నీటితో పీడన పరీక్ష చేయించుడు.

3. పి.వి.సి. గొట్టములలో గాలి పంపరాదు. అవి పగిలినచో ముక్కలు కత్తులవలె ఎగురును.

4. ట్రాక్టరు టైరు అంచు రిమ్ముపై కూర్చుండుటకు 35 పౌనులు మించి పట్టరాదు. టైరుకు ఎదురుగాగాక పక్కన నిలువుడు.

5. దుమ్ము ఊదుటకు 30 పౌనులు మించరాదు. కళ్ళద్దములు పెట్టుకొనుడు. పొడి ఎయిర్ ఫిల్టరును లోపలినుండి బయటికి ఊదవలెను.

6. గాలి గొట్టమును మనిషి శరీరముపైకి త్రిప్పరాదు. నవ్వులాటకు చేసినను పేగులు చిట్లి ప్రాణము పోవును. పిల్లలను షెడ్డులోనికి రానీయకుడు.

కంప్రెసరు కొనుటకు ముందు మీరు చేయు పనులను, వాటికి కావలసిన గాలిని, ఇంటి కరెంటు మోయగల బరువును ఒక కాగితముపై వ్రాసికొని దుకాణమునకు పొండు. ఏడాదిలో నాలుగైదుసార్లు మాత్రమే పని యున్నచో ఒక్కొక్కరు ఒక్కొక్కటి కొననక్కరలేదు. గ్రామాధికారులు చొరవ తీసికొని సహకార సంఘము ద్వారానో, యంత్రములు అద్దెకిచ్చు కేంద్రము ద్వారానో ఊరికొక మంచి కంప్రెసరు ఏర్పాటు చేసి, ట్యాంకు నీరు వదలు బాధ్యతను ఒకరికి అప్పగించినచో, తక్కువ ఖర్చుతో అందరి పనియు జరుగును.